4294967297: ప్రధాన సంఖ్య కాదని కాగితం మీద ఎలా తేల్చాలి?

తెల్లకాగితం:

అందరికీ నమస్కారం. ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తూ ఈ సంఖ్య దగ్గర ఆగిపోయాను. 3తో మొదలుపెట్టి, ప్రతిసారీ 1 తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేసి, మళ్లీ 1 కలపడమే ఆ ప్రోగ్రామ్ పని. 3, 5, 17, 257, 65537 వరుసగా వచ్చాయి. ఆ తర్వాత 1 వచ్చింది. ఎక్కడ తప్పు చేశానా అని సాయంత్రమంతా వెతికాను. చివరికి చూస్తే లెక్క సరిగ్గానే ఉంది, నేను తీసుకున్న 32 బిట్ల చోటులో 65536 × 65536 పట్టక సున్నా అయిపోయింది. దానికి 1 కలిస్తే 1. 64 బిట్లకు మార్చగానే 4294967297 వచ్చింది, అంటే 2³² + 1.

ముందు వచ్చిన అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇది కూడా అంతేనా అని 3, 7, 11, 13 అంటూ చేత్తో భాగించుకుంటూ 101 దాకా వెళ్లాను. ఏదీ భాగించలేదు. దీని వర్గమూలం 65536 దగ్గర ఉంది. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలంటే నా వల్ల కాదు.

కంప్యూటర్‌లో కొడితే జవాబు క్షణంలో వస్తుందని తెలుసు. నాకు కావలసింది అది కాదు. కాగితం, కలం తప్ప ఏమీ లేని మనిషి దీన్ని ఎలా తేల్చగలడు? దారి చెప్పండి.

బేసిసరి:

ప్రధాన సంఖ్య కాదండీ. కారణాంకాలు ఏమిటో ఇప్పుడే చెప్పను, మీరే కనుక్కుంటే బాగుంటుంది.

మీ వరుసలోవన్నీ ఫెర్మా సంఖ్యలు. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఫెర్మా 1640లో ఉత్తరాల్లో రాశాడు, నిరూపణ మాత్రం ఇవ్వలేదు. 1729 చివర్లో గోల్డ్‌బాక్ ఈ మాట గురించి ఆయిలర్‌కు రాశాడు. 1732లో ఆయిలర్ మీ సంఖ్యను రెండు ముక్కలు చేసి చూపించాడు. ఆయన దగ్గరా కాగితం, కలమే ఉన్నాయి.

కోడ్‌రాస్తా:

ఒక్క నిమిషం. నేను వేరేగా పరీక్షించాను. ఒక సంఖ్య ప్రధానమైతే, 2ను దానికంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి దానితో భాగిస్తే శేషం 1 రావాలి కదా. 4294967297కు ఆ శేషం సరిగ్గా 1 వచ్చింది. రెండుసార్లు చూసుకున్నాను. మరి ప్రధానం కాదంటారేమిటి?

లెక్కలటీచర్:

కోడ్‌రాస్తా గారూ, మీ లెక్క సరైనదే, దాని నుంచి తేల్చింది సరికాదు. ప్రధాన సంఖ్య అయితే శేషం 1 వస్తుంది, నిజం. శేషం 1 వచ్చినంత మాత్రాన ప్రధానం అయిపోదు. అందులోనూ ఈ సంఖ్యకు 2తో చేసే పరీక్ష పరీక్షే కాదు. చూడండి: 2³² అంటే మన సంఖ్య కంటే ఒకటి తక్కువ, అంటే శేషం −1. వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1. ఇక ఘాతం 64కు గుణిజమైన ప్రతిచోటా శేషం 1 వచ్చి తీరుతుంది. మీరు పెంచిన ఘాతం 4294967296, అది 64కు గుణిజమే. సంఖ్య ప్రధానమైనా కాకపోయినా జవాబు ముందే రాసిపెట్టి ఉందన్నమాట. ఫెర్మా సంఖ్యలన్నిటికీ ఇదే కథ.

2కు బదులు 3 పెట్టి చూడండి.

కోడ్‌రాస్తా:

పెట్టాను. శేషం 3029026160 వచ్చింది. అయితే ప్రధానం కాదు, ఒప్పుకుంటున్నాను. నేను ఇన్నాళ్లూ 2 ఒక్కదానితోనే పరీక్షిస్తున్నాను, ఇప్పుడే మార్చుకుంటాను.

వర్గమూలం:

3ను ఎంచుకోవడం వెనక ఒక సిద్ధాంతం ఉంది, 1877లో పెపిన్ ఇచ్చినది. 3 తర్వాత వచ్చే ఏ ఫెర్మా సంఖ్యకైనా, ఒకటి తీసి సగం చేసిన ఘాతానికి 3ను పెంచితే శేషం −1 రావాలి. వస్తే ప్రధానం, రాకపోతే కాదు, మధ్యస్థంగా ఏదీ లేదు. ఇక్కడ సగం ఘాతం దగ్గర వచ్చే శేషం 10324303. దాన్ని వర్గం చేసి భాగిస్తే మీకు వచ్చిన 3029026160 వస్తుంది, సరిచూసుకోవచ్చు.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసే సంగతి ఒకటుంది. ఈ పరీక్ష సంఖ్య ప్రధానం కాదని కచ్చితంగా చెబుతుంది, కానీ కారణాంకం ఏదో ఒక్క ముక్క కూడా చెప్పదు.

లెక్కలటీచర్:

ఇప్పుడు తెల్లకాగితం గారు అడిగిన దారికి వద్దాం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన సంఖ్యను నిశ్శేషంగా భాగించే ఒక ప్రధాన సంఖ్య ఉందనుకుందాం. దాన్ని ప అందాం. 2³² + 1ని ప భాగిస్తోంది కాబట్టి, పతో భాగించినప్పుడు 2³²కు శేషం −1, 2⁶⁴కు శేషం 1. ఇప్పుడు 2 ఘాతాలను ఒకటొకటిగా పెంచుకుంటూ పోతే శేషం 1 మొట్టమొదట ఎక్కడ వస్తుంది? ఆ మొదటి చోటు 64ను భాగించే సంఖ్యే అయి ఉండాలి: 1, 2, 4, 8, 16, 32, 64లలో ఒకటి. 32గానీ అంతకంటే చిన్నదిగానీ అయితే 2³²కు కూడా శేషం 1 వచ్చేది, కానీ అక్కడ −1 ఉంది. కాబట్టి అది 64 తప్ప మరొకటి కాదు.

ఇక్కడే ఫెర్మా చిన్న సిద్ధాంతం సాయానికి వస్తుంది. 2ను (ప − 1) ఘాతానికి పెంచితే శేషం 1. అంటే ప − 1 అనేది 64కు గుణిజం. తేలిందేమిటి? మీరు 3, 7, 11, 13 అంటూ వెతకనక్కర్లేదు. కారణాంకం ఏదైనా 64 గుణిజానికి ఒకటి ఎక్కువగానే ఉంటుంది.

ఆ వరుస ఇదీ: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641... వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. పది అంకెల సంఖ్యను వీటితో భాగించే పని కూడా లేదు. శేషాన్ని వర్గం చేస్తూ పోతే చాలు. 193తో చేసి చూపిస్తాను. 2⁸ = 256, శేషం 63. 63ను వర్గం చేస్తే 3969, శేషం 109, ఇది 2¹⁶ శేషం. 109 వర్గం 11881, శేషం 108, ఇది 2³² శేషం. 1 కలిపితే 109. సున్నా కాదు, కాబట్టి 193 పోయింది.

మిగతా నాలుగూ మీరు చేయండి.

తెల్లకాగితం:

చేశాను! 257కు శేషం 2. 449కు 325. 577కు 288. ఇక 641: 2⁸ అంటే 256, అలాగే ఉంటుంది. 65536ను 641తో భాగిస్తే శేషం 154. 154 వర్గం 23716, శేషం 640. 1 కలిపితే 641, అంటే సున్నా!

4294967297 = 641 × 6700417. గుణించి కూడా చూసుకున్నాను, సరిపోయింది. అరగంట కూడా పట్టలేదు. మూడు రోజులుగా వేల భాగహారాలు చేయాలని భయపడుతున్నాను, అయిదు చాలాయి. లెక్కలటీచర్ గారూ, చాలా థ్యాంక్స్.

ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. ఇంత తేలికైతే ఫెర్మా ఎందుకు కనుక్కోలేదు? చిన్న సిద్ధాంతం ఆయనదే కదా.

బేసిసరి:

నన్నూ చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది. పద్ధతి తెలియక కాదు. అదే 1640లో 2³⁷ − 1ని 223 భాగిస్తుందని ఆయన కనుక్కున్నది దాదాపు ఇలాంటి ఆలోచనతోనే. బహుశా ఈ వరుసనే ప్రయత్నించి ఎక్కడో ఒక శేషం తప్పు వేసుకుని ఉంటాడని నా ఊహ. మొదటి అయిదూ ప్రధానాలు కావడంతో తప్పును వెతకాలన్న అనుమానం రాకపోయి ఉండవచ్చు.

పాతనోట్‌బుక్:

641 అని ముందే తెలిస్తే, ఇది భాగిస్తుందని రెండు పంక్తుల్లో చూపించవచ్చు. నాకు ఎంతో ఇష్టమైన నిరూపణ.

641 = 5 × 2⁷ + 1. అలాగే 641 = 5⁴ + 2⁴ (625 + 16).
మొదటిదాని నుంచి, 641తో భాగిస్తే 5 × 2⁷కు శేషం −1. నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸కు శేషం 1. రెండోదాని నుంచి 5⁴ బదులు −2⁴ రాయవచ్చు. అప్పుడు −2³²కు శేషం 1. అంతే, 2³² + 1కి శేషం సున్నా.

భాగహారం అన్నదే లేదు, గమనించారా?

తెల్లకాగితం:

మూడుసార్లు చదివాను. ఒకే సంఖ్య రెండు రకాలుగా రాయడానికి వీలైంది కాబట్టి పని జరిగింది.

ఇంకో సందేహం. 6700417 ప్రధానమేనా? దాన్నీ చేత్తో తేల్చగలమా?

లెక్కలటీచర్:

తేల్చగలం. ముందుగా వలను ఇంకాస్త బిగిద్దాం. కారణాంకం 64 గుణిజానికి ఒకటి ఎక్కువ అన్నాను. 1878లో ల్యూకా దీన్ని 128కి పెంచాడు. కారణం ఇదీ: ప అనేది 8 గుణిజానికి ఒకటి ఎక్కువ అయినప్పుడు, పతో భాగించే శేషాల లోకంలో 2 మరో సంఖ్యకు వర్గం అవుతుంది. 2 ఘాతాల్లో శేషం 1 మొదట 64 దగ్గర వస్తే, ఆ సంఖ్య ఘాతాల్లో 128 దగ్గర వస్తుంది. కాబట్టి ప − 1 అనేది 128కి గుణిజం.

6700417ను భాగించే ప్రధాన సంఖ్య మన పెద్ద సంఖ్యనూ భాగిస్తుంది కాబట్టి దానికీ ఇదే షరతు. 6700417 వర్గమూలం 2588కి కాస్త ఎక్కువ. అంతలోపు 128 గుణిజానికి ఒకటి ఎక్కువైన సంఖ్యలు ఇరవై. వాటిలో 1537 (29 × 53), 1793 (11 × 163), 1921 (17 × 113), 2561 (13 × 197) లాంటివి ప్రధానాల్లా కనిపించి మోసం చేస్తాయి, జాగ్రత్త. నిజమైన ప్రధానాలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 257ను మీరు ముందే కొట్టేశారు. మిగతా నాలుగింటితో 6700417ను భాగిస్తే శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. కాబట్టి 6700417 ప్రధాన సంఖ్య.

మొత్తం కథకు ఎనిమిది తొమ్మిది చిన్న భాగహారాలు సరిపోయాయి.

బేసిసరి:

257ను పరీక్షించకుండానే కొట్టేయవచ్చు. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు. 3 × 5 × 17 × 257 × 65537 గుణించి చూడండి, 4294967295 వస్తుంది, మన సంఖ్య కంటే సరిగ్గా 2 తక్కువ. కాబట్టి 257 రెండింటినీ భాగిస్తే వాటి తేడా 2ను కూడా భాగించాలి, అది జరగని పని. 128 వరుసలో 129, 385, 513 ప్రధానాలు కావు, 257 ఇలా పోయింది. మిగిలిన మొట్టమొదటి అభ్యర్థి 641. ఈ దారిలో వస్తే ఒకే ఒక్క పరీక్షతో పట్టేసుకోవచ్చు!

కోడ్‌రాస్తా:

4294967295 అంటే 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య. రోజూ చూస్తాను. అది ఈ అయిదు ప్రధానాల లబ్ధమని ఇవాళే తెలిసింది.

పాతనోట్‌బుక్:

దానికి ఇంకో గొప్పతనం ఉంది. 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని గాస్ 1796లో కనుక్కున్నాడు, అప్పటికి ఆయనకు ఇంకా పందొమ్మిదేళ్లు నిండలేదు. బేసి భుజాల క్రమ బహుభుజి గీయాలంటే భుజాల సంఖ్య ఒక ఫెర్మా ప్రధానమో, వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధమో కావాలి. ఇంకే సంఖ్యకూ కుదరదని 1837లో వాంట్‌జెల్ నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధానాలు అయిదే కాబట్టి అలాంటి బేసి సంఖ్యలు 31. వాటిలో అతి పెద్దది 4294967295.

ఒకవేళ 4294967297 ప్రధానమై ఉంటే అన్ని భుజాలున్న బహుభుజిని కూడా గీయగలిగేవాళ్లం. 641 వల్ల ఆ అవకాశం పోయింది.

వర్గమూలం:

అసలు అందం ఇంకా ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. ఈ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా చూడండి.

4294967297 = 65536² + 1². ఇది కళ్లెదుటే ఉంది. ఇంకొకటి దాగి ఉంది: 62264² + 20449². వర్గాలు 3876805696, 418161601, కలిపితే సరిగ్గా మన సంఖ్య.

ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే ఒకే ఒక్క విధంగా రాయగలం. ఇక్కడ రెండు విధాలు దొరికాయంటే, 641 పేరెత్తకుండానే ఇది ప్రధానం కాదని తేలిపోయింది. పైగా పెపిన్ పరీక్షలా ఇది కారణాంకాన్ని దాచిపెట్టదు. తేడాలు తీయండి: 65536 − 62264 = 3272, 20449 − 1 = 20448. వీటి గ.సా.భా. 8. భాగిస్తే 409, 2556. ఇప్పుడు 409² + 2556² ఎంతో చూడండి: 167281 + 6533136 = 6700417. పెద్ద కారణాంకం దానంతటదే చేతిలోకి వచ్చేసింది.

దీని వెనక ఉన్నది బ్రహ్మగుప్తుడి సూత్రం. 628లో రాసిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో ఆయన ఇచ్చిన సాధారణ రూపంలో ఇదొక భాగం. రెండు వర్గాల మొత్తాన్ని మరో రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే వచ్చేదీ రెండు వర్గాల మొత్తమే, అదీ రెండు రకాలుగా. 641 = 25² + 4². 6700417 = 2556² + 409². అడ్డంగా గుణించండి:

25 × 2556 = 63900, 4 × 409 = 1636. కలిపితే 65536, తీసేస్తే 62264.
25 × 409 = 10225, 4 × 2556 = 10224. తీసేస్తే 1, కలిపితే 20449.

63900, 1636 కలిసి సరిగ్గా 2¹⁶ కావడం, 10225కీ 10224కీ మధ్య ఒకే ఒక్కటి తేడా ఉండడం నేను మొదటిసారి చేత్తో వేసుకున్న రోజు చాలాసేపు ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయాను. 641, 6700417 ఒకదానికొకటి కొలిచి చేసినట్టు ఉంటాయి.

తెల్లకాగితం:

వర్గమూలం గారూ, దీన్ని వేరే కాగితం మీద శుభ్రంగా రాసి దాచుకున్నాను. కానీ 62264, 20449 ముందుగా తెలియకపోతే ఎలా కనుక్కోవాలి?

వర్గమూలం:

నిజమే, దానికి దగ్గరి దారి లేదు. 641 తెలియకుండా ఆ జంటను వెతకడం శ్రమ. ఈ దారి అందం అర్థంలో ఉంది, వేగంలో కాదు. వెతకడానికి లెక్కలటీచర్ గారి దారే మేలు.

పాతనోట్‌బుక్:

641 గురించి ఇంకొకటి. 641 = 640 + 1, 640 = 10 × 2⁶. అంటే 641తో భాగిస్తే 10 × 2⁶కు శేషం −1. పదహారో ఘాతానికి పెంచండి: 10¹⁶ × 2⁹⁶కు శేషం 1. 2⁹⁶ అంటే 2³²కు ఘనం, దాని శేషం −1. కాబట్టి 10¹⁶కు శేషం −1. తేలిందేమిటంటే 641 నిశ్శేషంగా భాగించేది 4294967297 ఒక్కదాన్నే కాదు, 10000000000000001ని కూడా. అందుకే 1/641ను దశాంశంగా రాస్తే 32 అంకెలకోసారి అదే వరుస మళ్లీ వస్తుంది.

కోడ్‌రాస్తా:

తర్వాతి ఫెర్మా సంఖ్యల సంగతేమిటి? వాటిలో మళ్లీ ప్రధానం ఉందా?

బేసిసరి:

65537 తర్వాత ఒక్కటీ దొరకలేదు. 2⁶⁴ + 1 అంటే 18446744073709551617. దాని కారణాంకాలు 274177, 67280421310721, వీటిని 1880లో లాండ్రీ ప్రకటించాడు. 2¹²⁸ + 1 విషయంలో, ప్రధానం కాదని అంతకుముందే తెలిసినా, ముక్కలు చేయడానికి 1970 దాకా ఆగాల్సి వచ్చింది. మారిసన్, బ్రిల్‌హార్ట్ కంప్యూటర్‌తో చేశారు. మన సంఖ్యను అయిదో ఫెర్మా సంఖ్య అనుకుంటే, అయిదు నుంచి 32 వరకు అన్నీ సంయుక్త సంఖ్యలే. ఇరవయ్యోది, ఇరవై నాలుగోది సంయుక్తాలని రుజువైంది, కానీ వాటికి ఒక్క కారణాంకం కూడా ఇంతవరకు ఎవరి చేతికీ చిక్కలేదు. 33వది ఏదో ఇంకా తేలలేదు.

ఇంకెక్కడా ప్రధానం లేదనే నాకనిపిస్తుంది. నిరూపణ మాత్రం ఎవరి దగ్గరా లేదు.

లెక్కలటీచర్:

తెల్లకాగితం గారూ, 2⁶⁴ + 1కు మీరు నేర్చుకున్న దారే పనికొస్తుంది. ఈసారి 256 గుణిజానికి ఒకటి ఎక్కువ. 274177 = 256 × 1071 + 1. చాలా దూరం, కానీ శేషాలను వర్గం చేసే పని అంతే సులువు. జవాబు తెలిసిపోయినా, ఒకటి రెండు మెట్లు చేసి చూడండి, చేయి తిరుగుతుంది.

తెల్లకాగితం:

మొదలుపెట్టాను. 257ను బేసిసరి గారు చెప్పిన కారణంతోనే వదిలేశాను. 769కి 2¹⁶ శేషం 171, 2³² శేషం 19, 2⁶⁴ శేషం 361. 1 కలిపితే 362, పోయింది. తర్వాత ప్రధానం 3329 దాకా రాలేదు. దానికి వచ్చిన శేషం 2989. ఆ తర్వాతి పదహారు సంఖ్యలకూ కారణాంకాలు దొరికాయి, 7169 మాత్రం కాసేపు ఏడిపించింది (67 × 107). ఇప్పుడు 7681 దగ్గర ఉన్నాను, దీనికి ఏ కారణాంకమూ దొరకలేదు కాబట్టి ప్రధానమే. దాని శేషం వేసి రేపు రాస్తాను.